వానకు మిస్ కొట్టే పాత కారు: తడి ఆరకముందే చూడండి

సంపాదకులకు నమస్కారం.

వానాకాలం వస్తోందంటే కార్ల గురించి పత్రికల్లో జాగ్రత్తలు వస్తుంటాయి. టైర్ల గాడులు చూసుకోండి, వైపర్ రబ్బర్లు మార్చుకోండి, బ్రేకులు సరిచూసుకోండి అంటారు. అవన్నీ కావలసినవే. కానీ పాత పెట్రోలు కార్లు నడిపేవాళ్లను ఆ నాలుగు నెలలూ ఎక్కువగా ఏడిపించేది ఇంజిన్ మిస్ కొట్టడం, అంటే స్పార్క్ సరిగా పడక సిలిండర్‌లో పెట్రోలు అప్పుడప్పుడు మండకుండా పోవడం. దాని గురించి రాసేవాళ్లు తక్కువ. రాత్రంతా జల్లు పడ్డ మర్నాడు పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజిన్ ఓ పట్టాన అందుకోదు. అందుకున్నా కుంటుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే జర్కులిస్తుంది, సైలెన్సర్‌లో టప్ టప్ మంటుంది. పదింటికల్లా ఎండ కాస్తుంది, కారు మామూలైపోతుంది. షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్ ఎదుట బుద్ధిగా నడుస్తుంది. లోపం కనపడదు కాబట్టి కార్బొరేటర్ విప్పుతారు, పెట్రోలు పంపు మారుస్తారు, కొత్త ప్లగ్గులు వేస్తారు. మళ్లీ వాన పడగానే కథ మొదటికొస్తుంది.

ఆ ఖర్చులో చాలా భాగం దండగ. తేమకు వచ్చే మిస్‌ను తడిగా ఉన్నప్పుడే పట్టుకోవాలి. బండి ఆరిపోయాక చూడాల్సి వస్తే మనమే మళ్లీ తడపాలి. ఆ పద్ధతి కారు యజమానులకు, షెడ్లలో కొత్తగా పని నేర్చుకుంటున్న కుర్రాళ్లకు ఉపయోగపడుతుందని ఈ ఉత్తరం.

ఇందులో చెప్పేది ముఖ్యంగా డిస్ట్రిబ్యూటర్ (ఒక్కో సిలిండర్ ప్లగ్గుకు వంతులవారీగా స్పార్క్ కరెంటు పంచే భాగం) ఉన్న కార్లకు. కార్బొరేటర్ మోడల్ మారుతి 800, పెట్రోలు అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని ఈ కోవలోవి. మారుతి 800, అంబాసిడర్ రెండూ 2014లోనే ఆగిపోయాయి, పద్మిని అంతకు చాలా ముందే ఆగింది. అంటే ఇప్పుడు రోడ్డు మీదున్న వాటిలో రబ్బరు, బేకలైటు భాగాలు మార్చకుండా వదిలేసినవైతే వాటి వయసు చిన్నది కాదు.

ముందు జరిగేదేమిటో చూద్దాం. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను కాయిల్ 20 వేలు, 25 వేల వోల్టులు చేస్తుంది. ఆ కరెంటు కాయిల్ నుంచి మధ్య వైరు గుండా డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌లోకి వచ్చి (చాలా షెడ్లలో డిస్ట్రిబ్యూటర్‌ను డెల్కో అంటారు), లోపల తిరిగే రోటర్ మీదుగా ఒక్కొక్క ప్లగ్ వైరులోకి వెళ్లి, చివర ప్లగ్ దగ్గర మిల్లీమీటరుకన్నా తక్కువ గ్యాప్ దూకాలి. దారిలో అంతకన్నా సులువైన సందు దొరికితే అటే పోతుంది. శుభ్రమైన క్యాప్ మీద నాలుగు చుక్కల వాన నీరు పడితే పెద్దగా ఏమీ కాదు. క్యాప్ మీద దుమ్ము, ఆయిల్ జిడ్డు పేరుకుని ఉంటే మాత్రం ఆ మురికి తడిసి కరెంటుకు బాట వేస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఊళ్లలో గాలిలోని ఉప్పు పొరలా పడుతుంది. ఉప్పు తేమను పీల్చుకుంటుంది కనుక అక్కడ వాన లేని రోజు కూడా, తెల్లవారుజామున మంచుకే కారు మిస్ కొడుతుంది.

ఇంకో సంగతి. సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుపోతే స్పార్క్ దూకడానికి అంత ఎక్కువ వోల్టేజి కావాలి. అందుకే ఐడ్లింగ్‌లో బాగున్న ఇంజిన్ ఫ్లైఓవర్ ఎక్కుతున్నప్పుడు, నాలుగో గేరులో యాక్సిలరేటర్ లోతుగా తొక్కినప్పుడు మిస్ కొడుతుంది. దాన్ని చూసి "పెట్రోలు అందట్లేదు" అని తీర్మానించి కార్బొరేటర్ జెట్లు (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాలు) ఊదడం షెడ్లలో అతి మామూలుగా జరిగే పొరపాటు. పెట్రోలు అందకపోతే బండి నీరసంగా లాగుతూ నెమ్మదిస్తుంది. స్పార్క్ పోతే ఎవరో వెనక నుంచి పట్టి లాగి వదిలినట్టు తెగి తెగి కుదుపుతుంది. నాలుగు రోజులు గమనిస్తే ఆ తేడా కాలికే తెలిసిపోతుంది.

ఇక పరీక్ష. ముందు సైలెన్సర్ దగ్గరకు వెళ్లి పొగగొట్టం చివర ఓ కాగితం ముక్క పట్టుకోండి. ఒకే సిలిండర్ పోతుంటే కాగితం ఒక లెక్క ప్రకారం తాళం తప్పుతుంది. ఎప్పుడు పడితే అప్పుడు తప్పుతుంటే లోపం అన్ని సిలిండర్లకూ ఉమ్మడిగా ఉన్నచోట, అంటే కాయిల్, మధ్య వైరు, రోటర్, క్యాప్ నడిమి భాగంలో ఉన్నట్టు. మారుతి 800కి ఉన్నవి మూడే సిలిండర్లు. ఒకటి పోయినా బండి మొత్తం వణుకుతుంది, కనుక అందులో ఇది తేలిగ్గా తెలుస్తుంది.

ఏ సిలిండరో తేల్చడానికి ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే పీకి చూడటం పాత అలవాటు. అది మానేయాలి. గాలిలో వేలాడే వైరులోని 20 వేల వోల్టులు ఎటో ఒకవైపు దారి చూసుకుంటాయి. ఒక్కోసారి రోటర్‌ను, కాయిల్ ఇన్సులేషన్‌ను చీల్చుకుపోతాయి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న బండ్లలో మాడ్యూల్ (స్పార్క్‌ను నియంత్రించే ఎలక్ట్రానిక్ పెట్టె) కాలిపోవచ్చు, మనిషికీ గట్టి షాక్ కొడుతుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు నడుస్తున్న ఇంజిన్ ఇగ్నిషన్ దగ్గర చేతులు పెట్టనే కూడదు. కాబట్టి ఇంజిన్ ఆపి, ఒక ప్లగ్ వైరు తీసి, దాని చివరను క్లిప్ వైరుతో ఇంజిన్ బాడీకి ఎర్త్ చేసి, అప్పుడు స్టార్ట్ చేసి పది సెకన్లు వినాలి. ఇంజిన్ ఇంకా పడిపోతే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టే. తేడా లేకపోతే అదే దొంగ. టైమింగ్ లైటు (వైరులో కరెంటు పోయినప్పుడల్లా వెలిగే షెడ్డు దీపం) ఉంటే ఇంకా సులువు. దాని క్లిప్పును ఒక్కో వైరుకు పెట్టి చూస్తే మిస్ కొట్టినప్పుడల్లా ఆ వైరు మీద వెలుగు తప్పుతుంది.

అసలైన పరీక్ష చీకట్లో. రాత్రి ఎనిమిది దాటాక, వీధి దీపం పడని చోట బానెట్ ఎత్తి ఇంజిన్ నడపండి. మొక్కలకు తుంపర కొట్టే చిన్న స్ప్రే సీసాలో మామూలు నీళ్లు చాలు, అందులో ఉప్పు కలపొద్దు. తువ్వాలు, చున్నీ, చీర కొంగు, వదులు చేతులు బెల్టుకు, ఫ్యానుకు దూరంగా ఉండాలి. మారుతిలో కరెంటు ఫ్యాను ఉన్నట్టుండి తిరుగుతుందని మరవొద్దు. తుంపర ముందు ప్లగ్గుల మీది రబ్బరు టోపీల దగ్గర కొట్టండి. అర నిమిషం ఆగి చూడండి. తర్వాత వైర్ల పొడవునా, ముఖ్యంగా అవి ఇంజిన్‌కో, ఒకదానికొకటో ఆనుకున్న చోట. తర్వాత కాయిల్ మూతి. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ చివర. క్యాప్ ముందే తడిస్తే అన్నీ ఒకేసారి మిస్ కొట్టి ఏది ఎందుకో తెలియదు, అందుకే ఈ వరస. తుంపర అంటే తుంపరే. పైపుతో నీళ్లు కొడితే కొత్త కారైనా ఆగిపోవచ్చు.

లోపం ఉన్నచోట సన్నటి నీలి దారంలా మెరుపు పాకుతుంది, పక్కనే చిట్ చిట్ మని చప్పుడు. వైరు చుట్టూ లేత నీలిరంగు కాంతి అలముకుని ఉంటే ఆ వైరు ఇన్సులేషన్ ముసలిదైపోయింది. కొత్త వైర్ల మీద కూడా గాలి బాగా తేమగా ఉన్నప్పుడు కొంచెం కాంతి కనపడొచ్చు, దానికి కంగారు పడక్కర్లేదు. ఎగిరి ఇంజిన్ మీదికి దూకే మెరుపే తప్పు. దూకిన చోటును కంటితో గుర్తుపెట్టుకుని, ఇంజిన్ ఆపాక ఓ చాక్‌పీసు గీత పెట్టండి.

తర్వాత పగటి వెలుగులో క్యాప్ తీసి లోపల చూడాలి. వేలిగోరు సందులో పట్టేంత సన్నటి నల్ల గీత, పెన్సిల్‌తో గీసినట్టు, ఎండిన కొమ్మలా చీలుతూ ఒక ఇత్తడి ముక్క నుంచి పక్క ముక్కకో, క్యాప్ అంచుకో వెళ్తుంటే అదే కార్బన్ ట్రాక్. పొడి గుడ్డతో తుడిస్తే దుమ్ము గీత పోతుంది, ఇది పోదు. తడి మురికి మీదుగా కరెంటు పాకిన ప్రతిసారీ ఆ చోటు కాస్త కాలి బొగ్గవుతుంది. బొగ్గు కరెంటును మోస్తుంది. ఇక ఆ తర్వాత నీళ్లతో పనిలేదు, నడివేసవిలో కూడా మిస్ వస్తుంది. వానాకాలంలో మొదలైన మిస్ సంక్రాంతి దాటినా వదలట్లేదంటే మొదట ఇక్కడే చూడాలి. ఎమరీ పేపర్‌తో రుద్దితే వారం పది రోజులు బాగుంటుంది, గరుకైన చోట మళ్లీ మురికి పట్టి తిరగబెడుతుంది. ట్రాక్ పడిన క్యాప్ మార్చాల్సిందే. మల్టీమీటరు పెట్టి "బాగానే ఉంది" అనుకోవడానికీ లేదు. దాని చిన్న బ్యాటరీ వోల్టేజికి ట్రాక్ చాలాసార్లు పట్టుబడదు. కన్నే నమ్మకమైన పరికరం.

క్యాప్ మధ్యలో స్ప్రింగు మీద ఉండే చిన్న బొగ్గు గుండీ వేలితో నొక్కితే లోపలికి వెళ్లి తిరిగి రావాలి. అరిగి ఇరుక్కుపోతే రోటర్‌కు తగలదు, అక్కడొక అదనపు గ్యాప్ పుడుతుంది. రోటర్ కొసను, క్యాప్‌లోని ఇత్తడి ముక్కల్ని ఆకురాయితో అరగదీయొద్దు. మెరుపు వస్తుందేమో గానీ గ్యాప్ పెరుగుతుంది. రోటర్ అడుగున కంటికి కనపడని చిల్లు పడితే కరెంటు నేరుగా షాఫ్ట్‌లోకి దిగిపోతుంది. పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుంటూ మూసుకుంటూ కాయిల్ కరెంటును తెంచే స్విచ్) ఉన్న పాత బండ్లలో దీనికి చక్కటి పరీక్ష ఉంది: క్యాప్ తీసి, కాయిల్ నుంచి వచ్చే మధ్య వైరు కొసను ఇన్సులేటెడ్ పట్టుకారుతో రోటర్ మధ్య లోహానికి 5, 6 మిల్లీమీటర్ల ఎత్తున పట్టుకుని, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనాలి. చుట్టుపక్కల పెట్రోలు చెమ్మ ఉండకూడదు. మెరుపు రోటర్‌లోకి ఆగకుండా దూకుతుంటే రోటర్ చిల్లు పడింది.

పొద్దున్న ఐదారు నిమిషాలు మాత్రమే మిస్ కొట్టి, బండి వేడెక్కాక మాయమైతే క్యాప్ లోపల చెమ్మ దిగుతోందని అనుకోవాలి. రాత్రి ఇంజిన్ చల్లారేటప్పుడు క్యాప్ లోపలికి బయటి తేమగాలి వెళ్లి, చన్నీళ్ల గ్లాసుకు చెమ్మ పట్టినట్టు లోపలి గోడలకు పడుతుంది. క్యాప్ కింద రబ్బరు సీలు ఉందా, ఎప్పుడో విప్పినప్పుడు పారేశారా చూడండి. గాలి ఆడటానికి, నీరు దిగడానికి పెట్టిన చిన్న రంధ్రం ఉంటే అది మట్టితో పూడిపోయిందేమో చూడండి. షాఫ్ట్ సీలు పోయి లోపల ఆయిల్ జిడ్డు కనపడితే ఎన్ని క్యాపులు మార్చినా లాభం లేదు, సీలు మార్చాలి. డిస్ట్రిబ్యూటర్‌కు పాలిథీన్ కవరు చుట్టి దారం కట్టడం మన దగ్గర బాగా చేస్తారు. చెమ్మ లోపలే ఉండిపోవడానికి అంతకన్నా మంచి ఏర్పాటు లేదు, పైగా వేడి గొట్టానికి తగిలితే కరిగి అంటుకుంటుంది. ముందు నుంచి నీళ్లు చిమ్ముతున్నాయనుకుంటే రేడియేటర్ వైపు రబ్బరు అడ్డు ఒకటి, కింద తెరిచి ఉండేలా పెట్టుకోవాలి. 1959లో బ్రిటన్‌లో వచ్చిన మొదటి మినీ కార్లకు ఇదే జబ్బు ఉండేది. డిస్ట్రిబ్యూటర్ సరిగ్గా గ్రిల్ వెనకే ఉండటంతో వానకు బండ్లు ఆగిపోయేవి, చివరికి అడ్డు కట్టే నయం చేశారు.

వైర్ల విషయానికొస్తే, బండితో వచ్చే కార్బన్ వైర్లకు అడుగుకు సుమారు 3 నుంచి 7 కిలో ఓమ్‌ల నిరోధం ఉండటం మామూలు. వైరును అటూ ఇటూ వంచుతూ మీటరు చూడండి. అంకె ఎగిరెగిరి పడినా, అనంతం చూపినా లోపల తెగింది. ఒక్కటే పాడైనా సెట్టు మొత్తం మార్చడం మేలు, మిగతావీ అదే వయసువి. చవగ్గా వస్తుందని మామూలు రాగి వైరు వేసుకుంటే రేడియో గరగరమనడమే కాదు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌నూ తికమక పెడుతుంది. కొత్త వైర్లు బిగించేటప్పుడు ప్లగ్ టోపీ లోపలి అంచుకు అగ్గిపుల్ల తలంత సిలికాన్ డైఎలక్ట్రిక్ గ్రీజు రాస్తే నీరు దూరదు, టోపీ పింగాణీకి అతుక్కోదు. మామూలు గ్రీజు రబ్బరును తినేస్తుంది.

ప్లగ్గులు విప్పే ముందు గుంటల్లో మట్టి ఊదేయాలి, లేదంటే అది సిలిండర్‌లో పడుతుంది. తెల్ల పింగాణీ మీద నిలువునా బూడిదరంగు చార ఉంటే కరెంటు బయటినుంచే ఎర్త్‌కు దిగింది. అదే చార టోపీ లోపల కూడా ఉంటుంది, కనుక రెండూ మార్చాలి. ఒక్క ప్లగ్గే మార్చితే పాత టోపీలోని గీత కొత్త పింగాణీ మీద మళ్లీ చార వేస్తుంది. ఇనుప షెల్లు మొదట్లో గుండ్రంగా కనిపించే గోధుమరంగు మరక మాత్రం తప్పు కాదు, దాన్ని చూసి ప్లగ్గు పారేయకండి. గ్యాప్ మోడల్‌ను బట్టి 0.6 నుంచి 0.8 మి.మీ. ఉంటుంది. ఫీలర్ గేజి (సందు కొలిచే పలచటి రేకుల కట్ట)తో చూసి బండి పుస్తకంలో ఉన్నంతే పెట్టాలి, అరిగి 1 మి.మీ. దాటితే వానలో మిస్ రావచ్చు. కాయిల్‌కు మీటరు పెడితే ప్రైమరీ (12 వోల్టుల వైపు చుట్ట) సుమారు 3 ఓమ్‌లు (కాయిల్‌కు వెళ్లే కరెంటును తగ్గించే బల్లాస్ట్ రెసిస్టర్ ఉన్నదానికి 1.5), సెకండరీ (స్పార్క్ వైపు చుట్ట) 6 నుంచి 15 వేల ఓమ్‌ల మధ్య ఉండాలి. మూతి దగ్గర పగులు, ఆయిల్ చెమ్మ కనపడితే అంకెలు బాగున్నా మార్చండి.

చాలామంది చూడనిది ఒకటుంది. వానలో హెడ్‌లైట్లు, వైపర్లు, బ్లోయరు అన్నీ ఒకేసారి నడుస్తాయి. ఫ్యాన్ బెల్టు తడిసి జారుతుంది. బ్యాటరీ వోల్టేజి పడిపోతే కాయిల్ ఇచ్చే స్పార్కూ బలహీనపడుతుంది. అవన్నీ వేసి, ఇంజిన్ కొంచెం రేస్ చేసి బ్యాటరీ దగ్గర కొలవండి. 13.5 వోల్టులకు పైన నిలబడాలి. తర్వాత ఇగ్నిషన్ ఆన్ చేసి కాయిల్ పాజిటివ్ దగ్గర కొలవండి. బల్లాస్ట్ లేని బండిలో బ్యాటరీకన్నా అర వోల్టు మించి తగ్గితే స్విచ్‌లోనో, కనెక్టర్‌లోనో పచ్చటి చిలుము ఉన్నట్టు. లైట్లు ఆర్పగానే మిస్ తగ్గిందంటే క్యాప్ జోలికి వెళ్లేముందు ఇది చూసుకోవాలి.

తేమ పేరుతో వచ్చే మిస్‌లన్నీ ఇగ్నిషన్‌వి కావు. బంకులో పోయించుకున్న కొద్ది కిలోమీటర్లకే మొదలై, ఎండ కాసినా తగ్గకపోతే పెట్రోల్లో నీళ్లు చేరాయేమో చూడాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, బ్యాటరీ తీసేసి, పంపు పైపు నుంచి పావు లీటరు పెట్రోలు గాజు సీసాలోకి తీసి పది నిమిషాలు కదపకుండా ఉంచితే అడుగున వేరే పొర కనపడుతుంది. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంటుంది. అది కొంతవరకు నీటిని కలుపుకుంటుంది, హద్దు దాటితే నీటితో కలిసి విడిపోయి కిందికి దిగుతుంది. ఆ పొరలో ఇథనాల్ కూడా ఉంటుంది కనుక పొర ఎంత మందాన ఉంటే అన్ని నీళ్లు పోశారని బంకువాళ్లతో గొడవకు దిగొద్దు, ట్యాంకు మూత రబ్బరు కూడా ఒకసారి చూసుకోండి. పొద్దున్న మిస్‌తో పాటు వదలని తెల్లపొగ, రేడియేటర్‌లో రోజూ నీళ్లు తగ్గడం ఉంటే హెడ్ గాస్కెట్‌ను (ఇంజిన్ హెడ్డుకు, బ్లాకుకు మధ్య ఉండే సీలు) అనుమానించాలి. ఇక అరకు, పాడేరు వైపు చలికాలంలో పది నిమిషాలు బాగా నడిచి, పికప్ పోయి, పక్కకు ఆపి ఐదు నిమిషాలు ఆగితే మళ్లీ మామూలైతే అది కార్బొరేటర్ గొంతులో మంచు కట్టడం. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు అక్కడి గాలి బాగా చల్లబడుతుంది, అందులోని తేమ గడ్డకడుతుంది. ఎయిర్ క్లీనర్‌కు సమ్మర్, వింటర్ మీట ఉంటే వింటర్‌కు తిప్పితే చాలు, విప్పే పని లేదు.

రోడ్డు మీద ఆగిపోతే ఇగ్నిషన్ ఆపి, క్యాప్ తీసి, పొడి నూలు గుడ్డతో లోపలా బయటా తుడిచి, వైర్లు, కాయిల్ మూతి తుడిస్తే చాలాసార్లు బయటపడొచ్చు. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే నీటిని తరుముతుంది, నిజమే. కానీ దాని ఆవిరి మండుతుంది. కొట్టిన వెంటనే క్యాప్ మూసి సెల్ఫ్ కొడితే లోపలి స్పార్కుకు భగ్గుమనొచ్చు. ఐదు నిమిషాలు క్యాప్ తెరిచే ఉంచాలి. ఇంటికెళ్లాక ఆ జిడ్డు పొరను స్పిరిట్‌తో తుడిచేయాలి, లేకపోతే దుమ్ము దానికే అంటుకుంటుంది. పెట్రోలుతో, కిరోసిన్‌తో క్యాప్ కడగొద్దు. నీళ్లు ఎయిర్ క్లీనర్ దాకా వచ్చి బండి ఆగితే మాత్రం ఇంకోసారి సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గులన్నీ విప్పాకే తిప్పి చూడాలి.

షెడ్డుకు వెళ్లేటప్పుడు ఓ కాగితం మీద రాసుకెళ్లండి: ఎన్ని గంటలకు స్టార్ట్ చేశారు, ముందు రాత్రి వాన పడిందా, ఎన్ని నిమిషాలు మిస్ కొట్టింది, ఎక్కుడులోనా ఐడ్లింగ్‌లోనా, లైట్లు వేస్తే పెరిగిందా, ఎప్పుడు పెట్రోలు పోయించారు. వీలైతే బండిని రాత్రే షెడ్డులో వదిలి, తెల్లవారుజామున మెకానిక్‌నే మొదటి సెల్ఫ్ కొట్టమనండి.

ఇట్లు,
పాత కార్ల మరమ్మతు పనివారు,
కాకినాడ